హాంబర్గ్‌లో చదివింపులు

శ్రావ్య మా ఇంటికి వచ్చిన రోజు హాంబర్గ్‌లో వాన పడుతోంది. ఇది వివరం కింద లెక్కకు రాదు; ఇక్కడ వాన పడని రోజు ఉంటే అది వివరం. గొడుగు గాలికి వెనక్కి తిరిగిపోయి, జుట్టంతా ముఖానికి అంటుకుని, గుమ్మంలో నిలబడి "బాబాయ్, షూస్ ఇక్కడ్నే ఇడవాల్నా?" అంది. ఆ పిల్లది కరీంనగర్. ఇక్కడ ఎం.ఎస్. చదువుతోంది. చదువు సగం, సంఘసేవ సగం, మిగతా సగం ఇన్‌స్టాగ్రాం. మూడు సగాలు ఎలా అయ్యాయని నన్నడక్కండి, నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. టీ పెట్టాను. అల్లం దంచుతుండగానే అసలు సంగతి మొదలుపెట్టింది. రేవు దగ్గర పేటలో ఒక చర్చివాళ్ళ పాత హాలుంది. ఆ భవనాన్ని చర్చివాళ్ళు వదిలించుకుంటున్నారు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ రాజ్యం నడిచిన రోజుల్లో ఈ ఊరి జనం దానికి ఎదురు నిలిచి ఏమేం చేశారో చూపించే కరపత్రాలు, ఉత్తరాలు, ఫొటోలు, అప్పటి బ్యానర్లు అన్నీ ఒకచోట పెట్టి ఆ హాలును ఒక జ్ఞాపకాల కేంద్రంగా మార్చాలని కొందరు పెద్దలు సంఘం కట్టారు. దానికయ్యే డబ్బులో ఎక్కువ భాగం నగర ప్రభుత్వం ఇస్తుందట. సంఘం తన వాటా సెప్టెంబరు నెలాఖరుకి తేవాలి. తేలేకపోతే ఆ హాల్లో జిమ్ వస్తుంది.

"ఎంతమందికి వండాలో చెప్పు," అన్నాను. నన్ను జనం వెతుక్కుంటూ వచ్చేది వంట కోసమే.

"వంట ఎవరన్నా చేస్తరు బాబాయ్. మీరు మైక్ పట్టాలె. ఆన్‌లైన్ల లింక్ పెట్టినం. అందరు గుండె బొమ్మలు పెట్టిన్రు, పైసలు ఏసినోళ్ళు ఏళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా అమ్మకు చెప్తే ఏమన్నదో తెల్సా? మనోళ్ళు పేరు పిలిస్తెనే జేబుల చెయ్యి పెడ్తరే, పెండ్లిల కట్నాలు సదివిచ్చినట్టు సదివియ్యండ్రి అన్నది. గా పని మీకొచ్చని ఉగాది పార్టీల మీరే చెప్పిన్రట గదా. కాట్‌బస్ యూనివర్సిటీల సదివే మన పోరగాండ్లు చెప్పిన్రు."

"కాట్‌బస్ వాళ్ళకి చదువుకోవడానికి ఇంకేం లేదా?" అని మాట దాటేశాను. ఆ పిల్ల దాటనివ్వలేదు. నేను కూర్చున్న కుర్చీ ముందే తన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ హాలు పోతే నాకేం పోతుందో ఆ పిల్లకి తెలియదు. ఆ హాలు కింద నేలమాళిగలో ఒక వంటిల్లు ఉండేది. ఈ దేశంలో నాకు మొదట అన్నం పెట్టింది ఆ వంటిల్లే. అలాగే ఆ హాల్లో నేను ఒక్కసారి మైకు పట్టాను, ఆ తర్వాత శ్రావ్య వచ్చిన ఆ రోజువరకూ మళ్ళీ పట్టలేదు. రెండూ చెప్పాలి. చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. టీ చల్లారినా పరవాలేదు.

మాది భీమిలి దగ్గర. మా మేనమామ అప్పలస్వామికి సొంత మైకు సెట్టు ఉండేది. ఊళ్ళో ఆయనకి అదొక్కటే ఆస్తి. పెళ్ళిళ్ళలో పాటలు వెయ్యడం, భోజనాలయ్యాక కట్నాలు చదివించడం ఆయన పని. బడి మానేశాక నేను ఆయన పక్కన చేరాను, గొంతు మారగానే మైకు నా చేతికొచ్చింది. చదివింపులంటే వచ్చినవాణ్ణి ఊరూ పేరూ ఉద్యోగంతో సహా పిలిచి, ఏమిచ్చాడో పందిరంతా వినేలా చెప్పడం. "పెందుర్తి వాస్తవ్యులు, కరెంటాఫీసులో గుమాస్తా, పెళ్ళికూతురి పిన్నమామగారు సత్యంగారు, నూటపదహార్లూ!" ఆ చివరి దీర్ఘం లేకపోతే ఇచ్చినవాడికి ఇచ్చినట్టుండదు. స్టీలు బిందె వస్తే "బిందె, చిల్లు లేదు, నీళ్ళు పోసి చూశాం" అనేవాణ్ణి. టేబులు ఫ్యాను వస్తే "రెక్కలు మూడూ ఉన్నాయి, గాలి మాత్రం కరెంటాఫీసు సత్యంగారి దయ" అనేవాణ్ణి. మామయ్య రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, తక్కువ ఇచ్చినవాడి పేరు గట్టిగా చదవాలి, ఎక్కువ ఇచ్చినవాడిది మామూలుగా చదవాలి. అప్పుడు ఇద్దరూ సమానంగా ఇంటికెళ్తారు. రెండోది, ఏ పేరూ వదలకూడదు. ఒకసారి ఆయన ఎవరిదో ఇత్తడి చెంబు చదవడం మరిచిపోతే రెండు కుటుంబాలు పదేళ్ళు మాట్లాడుకోలేదు. ఆ చెంబు ఇప్పటికీ నాకు కలలో వస్తుంది.

తర్వాత నేను ఓడెక్కాను. ఓడ వంటింట్లో గిన్నెలు కడిగే పని. హాంబర్గ్‌లో కడుపునొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరితే, పొట్ట కోసి కుట్టేలోగా ఓడ నన్ను వదిలి వెళ్ళిపోయింది. నేను ఇక్కడే ఎలా ఉండిపోయానన్నది వేరే పురాణం. అందులో ఒక దయగల డాక్టరు, ఒక నిద్రమొహం అధికారి, హైకే అనే అమ్మాయి ఉన్నారు. హైకే ఇప్పుడు నా ఇల్లాలు, నేను రాస్తున్నది నా భుజం మీదుగా చదవడానికి ప్రయత్నిస్తోంది, తెలుగు రాకపోయినా. అప్పట్లో నాకు నావికుల హాస్టల్ వంటింట్లో పని దొరికింది. ఒక గురువారం పక్క వీధిలోని చర్చి హాలుకి అరువు గుండిగ తిరిగివ్వమని పంపారు. నేలమాళిగ మెట్లు దిగుతుంటే మాడిన పోపు వాసన. ఆ వాసన వెనకాలే ఒక గొంతు: "ఓలమ్మో, మాడిపోనాది! ఓసి నీ కడుపు కాలా!" ఆ తిట్టు తింటున్నది పొయ్యి మీది మూకుడు. నా చేతిలో గుండిగ జారి మెట్లమీద దొర్లుకుంటూ ఆవిడ కాళ్ళ దగ్గరకెళ్ళి ఆగింది. చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, చేతిలో అట్లకాడ. నన్ను కిందనుంచి పైకి చూసి, "ఎవురింటి గుంటడివిరా నువ్వు?" అంది.

ఆవిడ కనకమ్మత్త. పుట్టింది డర్బన్‌లో. తాతముత్తాతలు మా విశాఖపట్నం వైపు నుంచే చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళారు. వాళ్ళు మూటగట్టుకుపోయిన తెలుగు అక్కడ అలాగే ఉండిపోయింది, ఉప్పులో ఊరేసినట్టు. మా నాయనమ్మ పోయాక నేను మళ్ళీ వినని మాటలు ఈవిడ నోట విన్నాను. తెల్లవాళ్ళ ప్రభుత్వం మీద మాట్లాడినందుకు తమ్ముణ్ణి జైల్లో పెట్టారు, ఈవిడని వెళ్ళిపోతే పో, కానీ మళ్ళీ రాకూడదన్న కాగితం మీద పంపేశారు. ఇక్కడ ఒక దర్జీ కొట్టులో ప్యాంట్లు పొట్టి చేసే పని చేసేది. నా భారత పాస్‌పోర్టు చూపిస్తే అందులో దక్షిణాఫ్రికాకి తప్ప అన్ని దేశాలకీ చెల్లుతుందని రాసి ఉన్న చోట వేలు పెట్టి చాలాసేపు చూసింది. "ప్రెపంచంలో నువ్వెళ్ళకూడని సోటు ఒక్కటే ఉన్నాది. నానెళ్ళకూడని సోటూ అదే. మంచి జతే," అని నవ్వి, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

గురువారాలు ఇలా గడిచేవి. సాయంత్రం నాలుగింటికే చీకటి. మెట్లమీద తడిసిన ఉన్ని కోట్ల వాసన, దానికింద పప్పు వాసన. కందిపప్పు దొరికేది కాదు, జర్మన్లు సూపుకి వాడే ఎండు బఠాణీ పప్పుతో సర్దుకునేది. చింతపండు ఓడల వంటవాళ్ళ దగ్గర నేను బతిమాలి తెచ్చేవాణ్ణి. పైన హాల్లో జర్మన్ ఆడవాళ్ళు, చర్చి పాస్టరు, రేవు కూలీలు కొందరు, ఆఫ్రికా విద్యార్థులు కూర్చుని కరపత్రాలు మడతపెట్టేవాళ్ళు. శనివారాలు ఆ ఆడవాళ్ళు పళ్ళ కొట్ల ముందు అట్టలు పట్టుకుని నిలబడి, ఆ దేశపు పళ్ళు కొనొద్దని జనాన్ని అడిగేవాళ్ళు. అత్త కూడా వెళ్ళేది. కానీ ఆవిడ పద్ధతే వేరు. కొట్లోకి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని పెట్టె మీద దేశం పేరు చదివి, ద్రాక్షగుత్తి ఒకటి తీసి ముక్కుకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసేది. కొట్టువాడు విసుక్కుంటే నాతో అనేది: "తినకూడదన్నారు. వోసన సూడకూడదని ఎవులూ అన్లేదు." ఆవిడ ఇంటికి పోలేని బాధ గురించి నాతో మాట్లాడింది ఎప్పుడైనా ఉంటే, అది ఆ పెట్టె ముందే.

ఒక డిసెంబరులో, జైల్లో ఉన్నవాళ్ళ కుటుంబాలకి లాయర్ల ఖర్చు పంపాలని హాల్లో భోజనాలు పెట్టారు. అత్తా నేనూ పొద్దుటినుంచీ వండాం. జనం బాగానే వచ్చారు, బాగానే తిన్నారు. గుమ్మం దగ్గర రేకు డబ్బా పెట్టారు. జర్మన్లు డబ్బా దగ్గరకొచ్చి, అటూ ఇటూ చూసి, ఏదో తప్పు చేస్తున్నట్టు వేసి వెళ్ళిపోతున్నారు. అత్త డబ్బా ఎత్తి చెవి దగ్గర ఊపింది. "ఈళ్ళు కుడిసేత్తో ఏసింది ఎడంసేతికి తెలీకుండా ఏస్తారు. అందుకే ఇలాగున్నాది. ఒరే సూరీ, మా డర్బన్ పెళ్ళిళ్ళల్లో సదివింపులుంటాయి. మీకాడా ఉంటాయిగా? సదివించరా!" అంది. నేను అలా అడిగించుకోవడానికే పుట్టినవాణ్ణి. చర్చి పాటలవాళ్ళ మైకు తీసుకుని కుర్చీ ఎక్కాను. నా జర్మన్ అప్పటికి ఏడాది పిల్ల. తప్పటడుగులు వేస్తుంది, కానీ ఆగదు. "రేవులో క్రేను నడిపే ఓటో! పదిహేను మార్కులూ! భార్యకి తెలియకుండా!" అన్నాను. భార్య పక్కనే ఉంది. హాలు గొల్లున నవ్వింది. భార్య లేచి ఇంకో పది ఇచ్చింది, ఓటోకి తెలిసేలా. ఒక ముసలావిడ తన దగ్గర చిల్లర లేదని తలమీది ఉన్ని టోపీ తీసి ఇచ్చింది. "టోపీ ఒకటి, లోపల తల లేదు" అని చదివాను, దాన్ని పాస్టరు ఇరవైకి కొనుక్కుని అక్కడే పెట్టుకున్నాడు. డబ్బాలో ఎవరు ఏం వేస్తున్నారో దాచుకునే జనం ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుంటూ ముందుకొచ్చారు. అత్త వంటింటి మెట్లమీద నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

అప్పుడు నా చేతికి ఒక తెల్ల కవరు వచ్చింది. మీద పేరు లేదు. లోపల వంద మార్కులున్నాయి. ఆ రోజు వచ్చినవాటిలో అదే పెద్దది. కవరు ఎవరిదో నాకు తెలుసు. మ్యుల్లర్‌గారిది. ప్రతి గురువారం వచ్చేవాడు. డబ్బాలో కవరు వేసి, కోట్లు తగిలించే చోట నిలబడే ఒక ప్లేటు అన్నం తిని వెళ్ళిపోయేవాడు. ఆయన ఒక ఓడల కంపెనీలో గుమాస్తా. ఓడ మనుషుల కాగితాలు తీసుకుని మా హాస్టల్‌కి వచ్చేవాడు కాబట్టి పేరూ కంపెనీ నాకు తెలిశాయి. ఆ కంపెనీ ఓడలు దక్షిణాఫ్రికాకి సరుకు చేరవేసేవి. నాకు ఇది తెలియక కాదు. తెలుసు. కానీ ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది మా మామయ్య మరిచిపోయిన ఇత్తడి చెంబు. అందరి పేర్లూ చదివి, అందరికన్నా ఎక్కువ ఇచ్చినవాడి పేరు వదిలేస్తే ఎంత అవమానం! నలుగురిలో నవ్వుతూ పేర్లు పడుతుంటే, పాపం మొహమాటంతో మూల నిలబడ్డాడే అనుకున్నాను. మా పద్ధతిలో ఊరూ పేరూ ఉద్యోగంతో సహా పిలిచాను. కంపెనీ పేరు కూడా చెప్పాను. "వంద మార్కులూ!" అని దీర్ఘం తీశాను. మామూలుగా చదవాల్సింది, గట్టిగా చదివాను.

హాల్లో చప్పుడు లేదు. కింద పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్న శబ్దం పైకి వినిపించింది. అది ఆశ్చర్యం అనుకున్నాను. చప్పట్లు కొట్టండని చెయ్యి ఊపాను కూడా. మ్యుల్లర్‌గారు ప్లేటు జాగ్రత్తగా కిటికీ గట్టుమీద పెట్టి, కాగితంతో మూతి తుడుచుకుని, కోటు తీసుకుని, దాన్ని తొడుక్కోకుండానే వానలోకి వెళ్ళిపోయాడు. అత్త వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది. లాక్కోలేదు, పసివాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు తీసుకుంది. వంటింట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"పేరెట్టని కవరు ఎందుకెట్నాడనుకున్నావురా? సిగ్గనుకున్నావేటి?" అంది. "మావోడు, మా తమ్ముడు. ఆణ్ణి ఎలాగట్టుకెళ్ళినారో తెలుసా? ఆడి సావాసగాడే, మీటింగులో లేచి పేరెట్టి పొగిడీసినాడు. తిట్టలేదురా, పొగిడినాడు. మర్నాడు తెల్లారేసరికి ఇంటికొచ్చీసినారు." పక్కనున్న అంటు గిన్నె తీసి తోమడం మొదలుపెట్టింది. "మంచికే సేసినావు. ఆడూ మంచికే సేసినాడు."

సోమవారానికి కంపెనీలో తెలిసిపోయింది. మ్యుల్లర్‌గారిని ఉద్యోగంలోంచి తియ్యలేదు, ఆఫీసు బల్ల దగ్గర్నుంచి తీసి నదికి అవతలి గిడ్డంగిలో వేశారు. గురువారాలు రావడం మానేశాడు. నేను ఆయన ఇల్లు కనుక్కుని రెండుసార్లు వీధి మొగదాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆయన్ని బస్టాపులో, చేపల మార్కెట్టులో చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా రోడ్డు దాటేవాణ్ణి. కొన్నిసార్లు రెడ్ సిగ్నల్‌లో కూడా దాటాను, అది ఈ దేశంలో ఎంత పెద్ద నేరమో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. నోటితో బతికినవాణ్ణి, బడి లేదు, డిగ్రీ లేదు, ఆ నోరే నా సర్టిఫికెట్టు. ఆ నోరే ఒక మనిషి కుర్చీ లాగేసింది. మైకు కనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకోవడం అప్పుడు అలవాటైంది.

ఇదంతా శ్రావ్యకి చెప్పాను. ఆ పిల్ల ఫోను బోర్లా పెట్టి విన్నది. ఈ కాలంలో అంతకంటే మర్యాద లేదు. చివర్న, "ఆయన ఇంక ఉన్నరా?" అంది.

"ఉన్నాడు. ఆల్టోనా పేటలో, వృద్ధాశ్రమంలో. హైకేకి తెలిసినవాళ్ళు అక్కడున్నారు, అప్పుడప్పుడూ చెబుతుంటుంది."

"అయితె అడుగుండ్రి బాబాయ్. మీరు మైక్ పట్టుడు పట్టకపోవుడు తర్వాత. ముందుగాల పోయి మాట్లాడుండ్రి. నేను టెర్మిన్ తీసుకోవాల్నా?"

"నలభై ఏళ్ళ కిందటి తప్పుకి అపాయింట్‌మెంట్ ఎవరిస్తారే?" అన్నాను. ఆ పిల్ల నిజంగానే ఫోన్ చేసి తీసుకుంది. మంగళవారం, మూడింటికి.

ఆ గది చిన్నది. కిటికీలోంచి క్రేన్లు కనిపిస్తాయి. మ్యుల్లర్‌గారికి తొంభైకి దగ్గర. చెవులు బాగానే ఉన్నాయి, మోకాళ్ళు పనిచెయ్యవు. నేను చేపల పులుసు తీసుకెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి "మోయిన్" అన్నాడు. ఈ ఊళ్ళో పొద్దున్నైనా రాత్రైనా పలకరింపు అదే. తర్వాత గడియారం చూశాడు. "బస్సు ఆలస్యమైందా? నేను నలభై ఏళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాను." నేను గిన్నె మూత తీశాను. వాసన చూసి, తల ఊపాడు. క్షమించమని జర్మన్‌లో ఎలా అడగాలో వారంపాటు అద్దం ముందు నేర్చుకున్నాను, అది వాడే పని పడలేదు. ఆయనే మాట్లాడాడు.

"గిడ్డంగిలో పదకొండేళ్ళు. చలి. కాఫీ మాత్రం ఆఫీసుకన్నా బాగుండేది."

"నామీద కోపం ఉందా?"

"ఉంది. కొంచెం. వానాకాలంలో మోకాళ్ళతోపాటు వస్తుంది." కిటికీ వైపు తిరిగాడు. "రోజంతా ఆ ఓడల కాగితాలమీద నేనే సంతకం పెట్టేవాణ్ణి. సాయంత్రం కవరు వేసేవాణ్ణి. ఆ కవరు నాకూ నాకూ మధ్య సంగతి. వాళ్ళ పేరు, నా పేరు, ఎవరి పేరూ దానికి అక్కర్లేదు. నువ్వు దాన్ని హాలందరికీ ఇచ్చేశావు. ఆఫీసు కుర్చీ పోయిందని కాదు నా కోపం."

నేను ఇన్నేళ్ళు తప్పు జాగాలో సిగ్గుపడుతున్నానని అప్పుడు తెలిసింది. కాసేపటికి ఆయన ఇంకో మాట చెప్పాడు. ఆ గొడవ జరిగిన పదిహేను రోజులకి కనకమ్మత్త గిడ్డంగికి వెళ్ళిందట, మూతకి గుడ్డ కట్టిన గిన్నెతో. పడవ ఎక్కి, వానలో. ఏమీ మాట్లాడకుండా గిన్నె ఇచ్చి, వారం తర్వాత ఖాళీ గిన్నె కోసం వచ్చింది. "మా దేశంలో ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు," అని చేత్తో సైగ చేసి చెప్పిందట. ఆయనకి అర్థమైంది. ఆనాటినుంచి, అక్కడ తెల్లవాళ్ళ రాజ్యం పోయి ఆవిడ డర్బన్ వెళ్ళిపోయేదాకా గిన్నె వస్తూనే ఉంది, కడిగి తిరిగి వెళ్తూనే ఉంది, లోపల కవరుతో. గురువారం మానేశాడనుకున్నాం. మానలేదు.

"అత్త నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాను.

"అడిగాను. నీకెందుకు చెప్పలేదని." ఆయన బొటనవేలితో తన మూతి తట్టి చూపించాడు. "ఇలా చూపించింది."

ఆ నవ్వు ఆగడానికి ఇద్దరికీ చాలాసేపు పట్టింది. ఆవిడ అక్కడే, డర్బన్‌లోనే, సొంత మంచంమీద పోయింది. ఆవిడ ఇన్నేళ్ళు నా నోటినుంచి కాపాడిన రహస్యం ఈ గదిలో పులుసు వాసన మధ్య నాకు దొరికింది. లేస్తూ, హాలు సంగతి చెప్పి, మీరు వద్దంటే మైకు పట్టనన్నాను. "నేనెవర్ని వద్దనడానికి?" అన్నాడు. "అడుగు. ప్రతి మనిషినీ ముందు అడుగు. ఒక నిమిషం పడుతుంది. నీకైతే కొంచెం ఎక్కువ పట్టింది."

శ్రావ్యకి చెబితే సాయంత్రానికల్లా ఫారం తయారు చేసింది. జర్మనీలో ఏడాదిన్నర ఉంటే ఎవరికైనా ఫారాలు పూనుతాయి. మూడు గడులు. ఒకటి: నా పేరు చదవండి. రెండు: చదవొద్దు. మూడోది ఆ పిల్ల సొంత తెలివి: నేనిచ్చేది ఫలానావారి పేరుమీద చదవండి. కింద సంతకం, తేదీ. ఫారం నింపి చదివింపులు చదివించుకున్న జాతి భూమ్మీద మనదొక్కటే అయి ఉంటుంది. మా మామయ్య చూస్తే మైకు సెట్టు అమ్మేసి సన్యాసం పుచ్చుకునేవాడు.

సెప్టెంబరు చివరి శనివారం హాలు నిండింది. పాత జర్మన్లు, వాళ్ళ మనవలు, ఆఫ్రికావాళ్ళు, మన ఐటీవాళ్ళు పిల్లలతో. కాట్‌బస్ కుర్రాళ్ళు నెలవారీ రైలు పాసుంది కదా అని నాలుగు రైళ్ళు మారి వచ్చారు. దక్షిణాన ష్వైన్‌ఫర్ట్ ఊళ్ళో చదివే మన పిల్లలు ఇంకో రెండెక్కువ మారారు. నేను కుర్చీ ఎక్కలేదు, ఎక్కే వయసు కాదు, దాని వెనక నిలబడి వీపు పట్టుకున్నాను. మొదటి ఫారం చదివేటప్పుడు దీర్ఘం తియ్యడం మరిచిపోయాను. మూడోది చదివేసరికి భీమిలి వచ్చేసింది. మన పిల్లలు దాదాపు అందరూ మూడో గడి కొట్టారు. నర్సంపేటలో లెక్కలు చెప్పిన సారు పేరుమీద. విమానం దిగిన రాత్రి గది దొరక్కపోతే ఇంట్లో పడుకోనిచ్చిన పేరు తెలియని టర్కీ ఆవిడ పేరుమీద. ఒకడు మొదటి ఇంటర్వ్యూలో తనని తీసుకోని మేనేజరు పేరుమీద ఇచ్చాడు, "తీసుకుని ఉంటే నేను ఇంకా ఆ కంపెనీలోనే ఏడుస్తుండేవాణ్ణి" అని. హైదరాబాద్ ఐటీ మనిషొకాయన మొదటి గడి కొట్టి, "అంకుల్, జెర గట్టిగ సదువుండ్రి, మా మామ వీడియో కాల్ల ఉన్నడు" అన్నాడు. ఆయన తక్కువే ఇచ్చాడు కాబట్టి, మామయ్య నేర్పినట్టు, గోడలు అదిరేలా చదివాను. జర్మన్ల ఫారాల్లో ఎక్కువ రెండో గడే. అయినా మధ్యమధ్య ఒకరు మొదటి గడి కొట్టి, పేరు వినబడగానే ఎర్రబడి, పక్కవాళ్ళ వైపు చూసి నవ్వుతుంటే ముచ్చటేసింది.

మ్యుల్లర్‌గారు చక్రాల కుర్చీలో వచ్చాడు. భోజనం చేశాడు, ఫారం నింపాడు. ఆయన కవరు నా చేతికొచ్చినప్పుడు ఫారం తిరగేసి చూశాను. రెండో గడి. హాలంతా నావైపు చూస్తోంది, మైకు నోటి దగ్గరుంది, వెనకటికన్నా ఇప్పుడు నా జర్మన్ చాలా బాగుంది. ఒక్క మాట చెబితే, ఆ కవరు వెనక కథ ఒక్క ముక్క విప్పితే, ఈ హాలే కాదు, పక్క భవనం కూడా కొనగలిగేవాళ్ళం. "ఒక కవరు అందింది" అన్నాను. తర్వాతి ఫారం తీశాను. నా నోరు పుట్టినప్పటినుంచీ చేసిన పనుల్లో అది పెద్దది. ఆయన ప్లేటులో మిగిలిన పులిహోర మీద దృష్టి పెట్టి తింటూనే ఉన్నాడు.

సంఘం వాటా ఆ సాయంత్రం నిండింది. ఇప్పుడు హాలుకి రంగులు వేస్తున్నారు. నేలమాళిగ వంటింటిని వంటిల్లుగానే ఉంచుతారు. పొయ్యి మాత్రం వెలిగించకూడదట, అగ్నిమాపక నియమం. మరి అది వంటిల్లెలా అవుతుందని నేను గొడవ పెట్టుకున్నాను, ఇంకా పెట్టుకుంటున్నాను. అప్పట్లో ఆ మెట్లు దిగేవాళ్ళు పేర్లు దాచుకోవడానికి దిగేవాళ్ళు. ఇప్పటి పిల్లలు ఏం తిన్నారో, ఎక్కడున్నారో, ఎవరిమీద అలిగారో అన్నీ వాళ్ళే మైకులో చదివించుకుంటారు. మొదట్లో దీన్ని తప్పుపట్టేవాణ్ణి. కానీ ఆ ఫారాల్లో మూడో గడి కొట్టిన చేతులు వాళ్ళవే. భయం లేకుండా పెరిగినవాళ్ళు ఎంత తేలిగ్గా ఇంకొకరికి చోటిస్తారో నాకు ఆ రోజు కనిపించింది. అత్త తమ్ముడి స్నేహితుడు ఆ మీటింగులో పొగిడినప్పుడు కోరుకున్నది కూడా ఇలాంటి రోజునేమో.

ఈ అధ్యాయం రాసే ముందు అందర్నీ అడిగాను. శ్రావ్య "నా ఇన్‌స్టా ఐడీ కూడ పెట్టుండ్రి" అంది, పెట్టలేదు. కనకమ్మత్త పేరు అసలుదే. డర్బన్‌లో ఉన్న ఆవిడ మేనకోడల్ని ఫోన్‌లో అడిగితే పెద్దక్షరాలతో రాయమంది. చివరికి ఆల్టోనా వెళ్ళి ఆయన్ని అడిగాను. కథ రాసుకోమన్నాడు, గిడ్డంగి చలి తప్పకుండా రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. అందుకని మ్యుల్లర్ అని రాశాను. మనకి సుబ్బారావులెంతమందో ఇక్కడ మ్యుల్లర్లు అంతమంది. ఆయన అసలు పేరు ఇంతకన్నా చాలా అందంగా ఉంటుంది.